సంఘ పరిచర్యలో బాధ్యత ఎవరికి అప్పగించాలి: నైపుణ్యం ఉన్నవారికా, నమ్మకంగా ఉండేవారికా?

ప్రశ్న: సంఘ కార్యదర్శి, కూకట్‌పల్లి

ప్రభువు నామమున అందరికీ వందనాలు. మా సంఘంలో కొన్ని నెలలుగా తెగకుండా ఉన్న ఒక విషయాన్ని అనుభవజ్ఞులైన సహోదర సహోదరీల ముందు ఉంచుతున్నాను. మాది ఏ డయాసిస్‌కూ, అంటే ఏ బిషప్ పరిధికీ, చెందని స్వతంత్ర సంఘం. కూకట్‌పల్లిలో అద్దెకు తీసుకున్న హాలులో ఆదివారం ఉదయం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతాయి. బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట గృహ కూటం ఉంటుంది. పాస్టర్‌గారు తప్ప మిగిలినవారందరం ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటూ తీరిక సమయంలో సంఘ పనులు చూసుకునేవాళ్లమే.

విషయం ఆరాధనలోని వాద్యసేవకు సంబంధించినది. కీబోర్డు వాయించే సహోదరుడు ఒకరు మా మధ్య ఉన్నారు. ఆయనకు దేవుడిచ్చిన ప్రతిభ సామాన్యమైనది కాదు. ఎవరు ఏ శ్రుతిలో పాట ఎత్తుకున్నా క్షణంలో అందుకుంటారు. ఆయన వాయించిన ఆదివారం సంఘమంతా నోరారా పాడుతుంది. అయితే నగరంలో ఎక్కడ సువార్త సభ జరిగినా, పెళ్లి జరిగినా, జ్ఞాపకార్థ కూడిక జరిగినా ఆయనకు పిలుపు వస్తుంది, ఆయన అటు వెళ్లిపోతారు. రావడం లేదన్న సంగతి శనివారం బాగా పొద్దుపోయాక తెలుస్తుంది, ఒక్కొక్కసారి ఆరాధన మొదలయ్యాక గాని తెలియదు. పాటల అభ్యాసానికి రావడం దాదాపుగా మానివేశారు.

మరొక యువకుడు ఈ మధ్యనే వాయించడం నేర్చుకున్నాడు. అందరికంటే ముందు వచ్చి హాలు తెరిచి, మైకులు అమర్చి, వైర్లు సరిచూసి, పాడేవారిని కూర్చోబెట్టుకొని ఆనాటి పాటలన్నీ ఒకసారి వాయించి చూసుకుంటాడు. అందరూ వెళ్లాక పరికరాలు సర్ది, వాటిమీద గుడ్డలు కప్పి, చివరగా బయలుదేరతాడు. కానీ అతనికి లయ తప్పుతుంది, పాత కీర్తనల రాగాలు ఇంకా చేతికి రాలేదు. పాట మధ్యలో తడబడి ఆగవలసి వస్తోందని పెద్దవయసువారు కొందరు బాధపడుతున్నారు.

వాద్య బృందం బాధ్యతను ఈ ఇద్దరిలో ఎవరికి అప్పగించాలన్నది కమిటీ తేల్చవలసి ఉంది. దేవునికి శ్రేష్ఠమైనదే అర్పించాలి గనుక నైపుణ్యం ఉన్న సహోదరునికే ఇవ్వాలని కొందరు, వాక్యం నమ్మకత్వాన్నే కోరుతున్నది గనుక ఆ యువకునికే ఇవ్వాలని కొందరు వాదిస్తున్నారు. మొదటి సహోదరుని తప్పిస్తే ఆయన సంఘమే మానివేస్తారేమోనన్న భయం పాస్టర్‌గారికి ఉంది, ఆ భయం నాకూ ఉంది. లేఖనం వెలుగులో దీనిని ఎలా చూడాలో దయచేసి వివరించండి.

జవాబు: సంఘపెద్ద, సికింద్రాబాద్

కార్యదర్శిగారికి వందనాలు. మీ కమిటీలో రెండవ పక్షంవారు ఆధారం చేసుకున్న వాక్యం బహుశా మొదటి కొరింథీయులకు 4:2 అయి ఉంటుంది: "మరియు గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడై యుండుట అవశ్యము." ఈ మాట ఎలాంటి సంఘానికి వ్రాయబడిందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. కొరింథు సంఘానికి వరాల కొదువ లేదని పౌలు మొదటి అధ్యాయంలోనే ఒప్పుకున్నాడు. అక్కడ వాక్చాతుర్యానికి విలువ ఎక్కువ. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని పక్షాలు చీలినవారు వారే. అపొల్లో విద్వాంసుడని, లేఖనములయందు ప్రవీణుడని అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయం చెబుతుంది. అంతటి ప్రతిభావంతుడు ఒకవైపు, సంఘాన్ని స్థాపించిన అపొస్తలుడు మరొకవైపు ఉండగా, ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు పౌలు జవాబే ఇవ్వలేదు. ఇద్దరమూ యజమానుని ఇల్లు చూసుకునే పనివారమే అని చెప్పి, పనివానిలో యజమాని మొదట వెదికేది ఏమిటో ఆ ఒక్క వాక్యంలో చెప్పాడు.

యజమాని ప్రయాణమై పోతూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతుల సొమ్ము అప్పగించిన ఉపమానాన్ని కూడా మనం తొందరగా చదివి దాటిపోతుంటాం. ఆ కాలంలో ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు, ఒక దేనారం కూలివాని ఒకరోజు జీతం. అంటే ఒక్క తలాంతు పుచ్చుకున్న దాసుని చేతికి కూడా ఒక మనిషి సగం జీవితం కష్టపడితే వచ్చేంత సొమ్ము అందింది. తనకు తక్కువ ఇచ్చారు గనుక తన పని లెక్కలోనిది కాదని అతడు అనుకోవడానికి వీలులేదు. ఐదు తలాంతులవాడు, రెండు తలాంతులవాడు తెచ్చిన లాభాలు వేరైనా వారిద్దరూ విన్న మెప్పు ఒక్కటే: "భళా, నమ్మకమైన మంచి దాసుడా." మత్తయి 25లో 21, 23 వచనాలను పక్కపక్కన పెట్టి చదవండి, మాట తేడా లేదు. మీ యువకుడు ఆ రెండు తలాంతులవానిలా ఉన్నాడని నాకు అనిపిస్తోంది.

అంతమాత్రాన నైపుణ్యమున్న సహోదరుని పక్కన పెట్టేయమని నేను చెప్పడం లేదు. మార్కు అనే యోహాను సంగతి చూడండి. పౌలు, బర్నబాల మొదటి సువార్త ప్రయాణంలో పంఫూలియా నుండి అతడు యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. రెండవ ప్రయాణానికి అతనిని వెంట తీసుకొనిపోదామని బర్నబా అంటే, పనికి రాక విడిచిపోయినవానిని తీసుకొనిపోవడం తగదని పౌలు అన్నాడు. వాదం తీవ్రమై ఇద్దరూ విడిపోయారు. బాధ్యత అప్పగించే విషయంలో పౌలు ఎంత ఖచ్చితంగా ఉన్నాడో ఇక్కడ కనబడుతుంది. అయితే బర్నబా మార్కును ఓడ ఎక్కించుకొని కుప్రకు తీసుకొనిపోయాడు, అంటే చేతికి పని లేకుండా ఒంటరిగా వదిలివేయలేదు. సంవత్సరాలు గడిచాక, చెరసాల నుండి వ్రాసిన రెండవ తిమోతి పత్రికలో, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచర్యకు తనకు ప్రయోజనకరమైనవాడని ఆ పౌలే కోరాడు. మీ సంఘానికి పౌలు ఖచ్చితత్వమూ కావాలి, బర్నబా ఓర్పూ కావాలి. మొదటిది కమిటీ చూపాలి. రెండవది చూపడానికి ఆ సహోదరునితో చనువున్న ఒకరిని ఎంచుకోండి.

నమ్మకత్వం ఎలాంటిదో మన ప్రాంతంలోనే కళ్లారా చూడవచ్చు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి. ఎస్. అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబర్ 29న అక్కడి బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. ప్రపంచ సభలలో ఆయనకు పేరుంది, పెద్ద నగరాల నుండి పిలుపులున్నాయి. అయినా 1945 జనవరి 1న కన్నుమూసేవరకు ఆయన పరిచర్య ఆ పల్లెల మధ్యనే, ఆ డయాసిస్‌లోనే సాగింది. బయటి పిలుపులకు వెళ్లడం తప్పని ఆయన జీవితం చెప్పదు, ఆయనా వెళ్లారు. కానీ తనకు అప్పగించబడిన మంద ఏదో ఆయనకు ఎన్నడూ సందేహం లేదు. మీ సహోదరుని మీరు అడగవలసిన మాట కూడా అదే: బయట వాయించండి, కానీ మీకు అప్పగించబడిన చోటు ఏది?

జవాబు: తబలా వాయించే విశ్వాసి, మల్కాజిగిరి

పెద్దలు వ్రాసిన దానిని గౌరవిస్తూనే, నైపుణ్యం పక్షాన ఒక మాట చెప్పవలసి ఉందని భావిస్తున్నాను. మన సంఘాలలో సేవాభావం ఉంటే చాలు, వాయిద్యం ఎలా ఉన్నా ఫరవాలేదన్న ధోరణి ఒకటి ఉంది. అది వాక్యానుసారమైనదని నేను అనుకోను. 33వ కీర్తన ఇంపుగా వాయించమంటుంది. మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయంలో లేవీయుల అధిపతియైన కెనన్యాను పాట నేర్పడానికి ఎందుకు నియమించారో కారణం కూడా వ్రాయబడింది: అతడు అందులో ప్రవీణుడు. అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్షపు గుడారం పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచినప్పుడు అతనికి సమస్త విధమైన పనుల నేర్పును కూడా అనుగ్రహించాడు.

అయితే ఇవే గ్రంథాలు నైపుణ్యాన్నీ నమ్మకత్వాన్నీ ఎదురెదురుగా నిలబెట్టలేదు. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయాన్ని కమిటీ సభ్యులందరూ కలిసి చదవాలని నా మనవి. యెహోవాకు గానము చేయుటలో నేర్పు పొందిన ప్రవీణులు 288 మంది. వారిని 24 వంతులుగా, ఒక్కొక్క వంతులో 12 మంది చొప్పున ఏర్పాటు చేశారు. ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించడానికి పిన్న పెద్ద, గురువు శిష్యుడు అన్న భేదం లేకుండా చీట్లు వేశారు. ఎంత ప్రవీణుడైనా తన వంతు వచ్చిన రోజున అక్కడ ఉండవలసిందే. శిష్యుడికి కూడా వంతు వస్తుంది గనుక అతడు నేర్చుకోక తప్పదు. నేర్చుకున్నవాడే వాయించాలి, వాయించేవాడు వంతు తప్పకూడదు అన్న రెండూ అక్కడ ఒకే ఏర్పాటులో ఉన్నాయి.

కాబట్టి ఆ యువకుని విషయంలో కూడా నేను నిష్కర్షగానే చెబుతాను. ముందుగా రావడం, మైకులు అమర్చడం, చివరగా వెళ్లడం నమ్మకత్వంలో ఒక భాగం. ఇంటివద్ద చేతివేళ్లు నొప్పి పుట్టేవరకు సాధన చేయడం మరొక భాగం. అరుదైన తాళంలో ఉన్న పాత కీర్తనలను పాడగలిగిన పెద్దవారు సంఘంలో ఉన్నప్పుడే వారి దగ్గర కూర్చొని నేర్చుకోవాలి. ఈ కీర్తనలలో చాలా వాటికి మన కర్ణాటక రాగాలే ఆధారం. రిథమ్ ప్యాడ్స్‌లో ముందే నింపి ఉన్న తాళాలతో వాటిని సరిపెట్టలేము. సంఘం తనకు ఇచ్చిన చోటును అతడు సాధనతో నింపకపోతే, కొన్నేళ్లకు ఆ విశ్వసనీయత కూడా ఒక అలవాటుగా మాత్రమే మిగిలిపోతుంది.

మొదటి సహోదరుని గురించి ఒక మాట. బయట వాయించేవారిలో చాలామందికి అది జీవనాధారం. హైదరాబాదులో ఆదివారాలు, పెళ్లి ముహూర్తాలు, క్రిస్మస్ కాలం వారికి సంపాదన రోజులు. పనివాడు తన జీతానికి పాత్రుడని లేఖనమే చెబుతోంది. ఆయన ఇల్లు ఎలా గడుస్తోందో విచారించకుండా నమ్మకత్వం లేనివాడన్న ముద్ర వేయకండి. నెలకు రెండు ఆదివారాలే మాట ఇవ్వగలిగితే ఆ రెండే అడగండి. ఆ రెండూ తప్పకుండా నిలబెట్టుకుంటే ఆయన నమ్మకమైనవాడే.

ప్రశ్న అడిగినవారి స్పందన: సంఘ కార్యదర్శి, కూకట్‌పల్లి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వంతుల ఏర్పాటు గురించిన ఆలోచన మాకు చాలా ఉపయోగపడేలా ఉంది. ఆ సహోదరునికి బయటి కార్యక్రమాలు జీవనాధారమన్నది నిజమే, దానిని కమిటీ దృష్టికి తెస్తాను.

దీనికి అనుబంధంగా ఇంకొక విషయం అడుగుతాను. మా సండే స్కూల్‌లో బోధించే ఒక సహోదరికి గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. శనివారం తెల్లవార్లూ పని పడిన వారాల్లో ఆమె ఆదివారం ఉదయం రాలేకపోతున్నారు. నేను నమ్మకంగా చేయలేకపోతున్నాను, దేవుని ముందు దోషినవుతున్నాను, నన్ను తప్పించండి అని కన్నీళ్లతో అడిగారు. ఆమె పిల్లలను ఎంతగా ప్రేమిస్తారో మాకు తెలుసు. ఇలాంటివారికి ఏమని చెప్పాలి?

జవాబు: సండే స్కూల్ ఉపాధ్యాయిని, సికింద్రాబాద్

అన్నగారికి వందనాలు. ఆ సహోదరిని మొట్టమొదట విశ్రాంతి తీసుకోమని చెప్పండి. ప్రవక్తయైన ఏలీయా బదరీవృక్షం కింద కూర్చొని తనకు చావు కావాలని ప్రార్థించినప్పుడు దేవదూత వచ్చి ఆయనను గద్దించలేదు. నిద్రపోతున్నవానిని లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండవసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి తినమన్నాడు. తర్వాతి పని అప్పగించబడింది హోరేబు కొండకు చేరిన తర్వాతనే. రాత్రంతా మేలుకొని పనిచేసిన మనిషి కళ్లు మూతలు పడుతుండగా పిల్లల ముందు నిలబడడం దేవునికి ఇష్టమైన త్యాగమని నేను నమ్మను.

రాలేకపోవడం వేరు, చెప్పకుండా రాకపోవడం వేరు. మీ కీబోర్డు సహోదరుని విషయంలో సంఘాన్ని బాధించింది ఆయన రాకపోవడం కంటే, ఆ సంగతి తెలియకపోవడమే అనుకుంటున్నాను. సండే స్కూల్‌లో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. టీచరు రాని ఆదివారం చిన్నపిల్లలు తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు. వారికి షిఫ్టులు తెలియవు, ట్రాఫిక్ తెలియదు, టీచరు రాలేదన్నది ఒక్కటే తెలుసు. ముందుగా కబురు అందితే ఆ చోట ఇంకొకరు నిలబడతారు, పిల్లల దృష్టిలో సంఘం మాట తప్పినట్లు కాదు. ఆమెకు షిఫ్టుల పట్టిక ముందుగానే చేతికి వస్తుంది కదా. వచ్చిన రోజునే ఏ ఆదివారాలు రాగలరో మీకు తెలియజేయమనండి. ప్రతి తరగతికీ ఇద్దరు ఉపాధ్యాయులను నియమించండి. ఆమె రాలేని వారాలలో పాఠం సిద్ధం చేసి పంపవచ్చు, వాక్య కంఠస్థానికి కార్డులు వ్రాయవచ్చు, వారం మధ్యలో పిల్లల తల్లులతో ఫోనులో మాట్లాడి ప్రార్థించవచ్చు. ఇవి పాఠం చెప్పడం కంటే తక్కువ పనులని ఆమె అనుకోకుండా చూడండి.

పెద్దపని చిన్నపని అన్న లెక్క దగ్గరకు వస్తే నాకు సంఖ్యాకాండము నాలుగవ అధ్యాయం గుర్తుకు వస్తుంది. ప్రత్యక్షపు గుడారాన్ని మోసే పనిని లేవీయులలో మూడు వంశాలకు పంచారు. కహాతీయులకు మందసము, బల్ల, దీపవృక్షము వంటి అతిపరిశుద్ధమైనవి వచ్చాయి. గెర్షోనీయులకు తెరలు వచ్చాయి. మెరారీయులకు పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు వచ్చాయి. వారు మోసే వస్తువులను పేరుపేరున లెక్కపెట్టి అప్పగించాలని 32వ వచనంలో ఆజ్ఞ ఉంది. మందసము మోసేవారిని చూసి జనులు తొలగి దారి ఇచ్చి ఉంటారు, మేకులు మోసేవారిని ఎవరు చూసి ఉంటారు? అయినా అరణ్యంలో దిగిన చోట ఒక మేకుల మూట రాకపోతే గుడారం లేచి నిలబడదు.

మన సంఘాల చరిత్రలో ఇలాంటి కనబడని పరిచర్య చాలావరకు స్త్రీలదే. అన్నం వండబోయేముందు పిడికెడు బియ్యం ప్రభువు పేరున తీసి వేరే కుండలో వేసే అలవాటు తెలుగు పల్లెల్లో ఎందరో తల్లులకు ఉండేది, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. కరువు రోజుల్లో, ఇంట్లో పిల్లలకే చాలని రోజుల్లో కూడా ఆ పిడికిలి తప్పలేదు. హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను అనే ప్రార్థనా స్థలంలో పరిశుద్ధ సమాజ కూటములనే పెద్ద కూడికలకు వెళ్లినవారికి వంటశాల పరిచర్య ఎంతటిదో తెలుసు. వేలమందికి పూటపూటకూ అన్నం వడ్డించేవారు ప్రసంగాలను చాలావరకు పొయ్యిల దగ్గర నుండే వింటారు. వేదిక మీద జరిగేదే సేవ అనుకునే పిల్లలను మనం పెంచితే, రేపు సంఘంలో గిన్నెలు కడగడానికి ఎవరూ మిగలరు. అందుకే మా దగ్గర మే నెలలో వి.బి.ఎస్. (పిల్లల సెలవుల బైబిల్ పాఠశాల) జరిగినప్పుడు పెద్ద పిల్లలకు పాటలతో పాటు చాపలు పరిచే వంతు కూడా ఇస్తాము.

ఇంకొక మాట. బాధ్యత నుండి తప్పుకోవడం ప్రతిసారీ అపనమ్మకం కాదు. లేవీయులు 50 ఏళ్లు నిండాక బరువు పనుల నుండి విరమించి, తమ సహోదరులకు తోడుగా ఉండాలని సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయం చెబుతుంది. విరమణను కూడా దేవుడే ఏర్పాటు చేశాడు. ఆ సహోదరి నిజంగా కొంతకాలం ఆగవలసి వస్తే, తన పిల్లలను ఇంకొకరి చేతికి పేరుపేరున అప్పగించి, వారి ఇళ్లలో ఏమి జరుగుతోందో, ఎవరికోసం ఏమని ప్రార్థించాలో చెప్పి వెళ్లమనండి. అలా వెళ్లినవారు మళ్లీ వచ్చినప్పుడు వారి చోటు వారికి ఉంటుంది.

జవాబు: సంఘ కోశాధికారి, ఉప్పల్

ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక పక్కను ప్రస్తావిస్తాను, ఎందుకంటే సంఘాలు విరిగిపోయేది ఎక్కువగా అక్కడే. కానుకల విషయంలో మన సంఘాలు నమ్మకత్వం అనే మాటను తప్పుగా వాడుతున్నాయి. ఫలానా సహోదరుడు నమ్మకస్థుడు, ఆయనను లెక్క అడగడం అవమానం అంటారు. లేఖనం అలా చెప్పడం లేదు. యూదయలోని పరిశుద్ధుల కొరకు అన్యజనుల సంఘాలు పోగుచేసిన చందాను తీసుకువెళ్లేటప్పుడు పౌలు ఒంటరిగా వెళ్లలేదు. తీతును, సంఘాలు ఏర్పరచుకొన్న ఇంకొక సహోదరుని తోడుగా ఉంచాడు. ఆ విస్తారమైన ధర్మం విషయంలో తమమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యమైనవాటిని గూర్చి ఆలోచిస్తున్నామని రెండవ కొరింథీయులకు ఎనిమిదవ అధ్యాయంలో కారణం చెప్పాడు. అపొస్తలుడే అంత జాగ్రత్తపడితే మనం ఎంత జాగ్రత్తపడాలి?

రెండవ రాజులు 12వ అధ్యాయాన్ని చూపించి, అక్కడ పనివారిని లెక్క అడగలేదు కదా అని నాతో వాదించినవారున్నారు. ఆ అధ్యాయాన్ని మొదటినుండి చదవాలి. యూదా రాజైన యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా యాజకులు మందిరపు శిథిలాలను బాగుచేయలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టెకు మూతలో బెజ్జము చేసి బలిపీఠం దగ్గర ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు ప్రధానమంత్రియు ప్రధానయాజకుడును ఇద్దరూ వచ్చి లెక్కించి సంచులలో కట్టేవారు. పనివారికి చెల్లించేవారిని లెక్క అడగకపోవడం ఆ తర్వాతి మాట. వారు నమ్మకంగా పనిచేస్తున్నారన్నది అప్పటికి అందరికీ కనబడింది. ఆ గౌరవం వారికి సంఘం ఇచ్చింది, వారు డిమాండ్ చేసి తీసుకోలేదు.

ఈ రోజుల్లో గోడమీద అంటించే క్యూఆర్ కోడ్‌ను గమనించండి. అది సంఘం పేరున ఉన్న ఖాతాకు వెళుతుందా, ఎవరో ఒకరి సొంత ఫోను నంబరుకు వెళుతుందా? అనుకూలంగా ఉంటుందని మొదలుపెట్టిన ఈ పద్ధతి ఎంత నిజాయితీపరునినైనా నిందకు గురిచేస్తుంది. కానుకల సంచిని ఇద్దరు కలిసి అక్కడే లెక్కించి, ఇద్దరూ సంతకం చేసి, సోమవారం బ్యాంకులో వేయడం పెద్ద పని కాదు.

నమ్మకత్వం ఇచ్చేవారికి కూడా ఉండాలి. కోత పండుగ వేలంలో గుమ్మడికాయకు, కోడికి ఉత్సాహంగా పాట పెంచి పేరు వ్రాయించుకొని, తర్వాత ఏడాది పండుగ వచ్చేవరకు చెల్లించనివారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలని ప్రసంగి చెప్పినది వారికోసమే. ఆ సొమ్ము వస్తుందని నమ్మి కమిటీ పైకప్పు పనికి మాట ఇస్తుంది, చివరకు మేస్త్రీ ముందు తలవంచుకోవలసినవాడు కోశాధికారి.

ప్రశ్న అడిగినవారి స్పందన: సంఘ కార్యదర్శి, కూకట్‌పల్లి

అందరికీ మరొకసారి వందనాలు. ఈ జవాబులన్నిటినీ పాస్టర్‌గారికి చదివి వినిపించాను. వాద్య బృందానికి మూడు నెలలకు ఒకసారి వంతుల పట్టిక వేయడం, నైపుణ్యమున్న సహోదరుడు తాను రాగలిగిన ఆదివారాలను ముందే చెప్పడం, యువకుడు బృందం బాధ్యత తీసుకొని ఆయన దగ్గరే సాధన చేయడం అన్న ఏర్పాటును కమిటీ ముందు పెట్టబోతున్నాము. సండే స్కూల్ సహోదరితో మా అమ్మగారు మాట్లాడతారు. క్యూఆర్ కోడ్ విషయం కూడా ఆ రోజే చర్చకు వస్తుంది. ఒక్క సందేహం మిగిలింది: బృందం బాధ్యత మారిన సంగతిని ఆదివారం ఆరాధనలో ప్రకటించడం మంచిదా?

జవాబు: సంఘపెద్ద, సికింద్రాబాద్

ప్రకటనకు ముందు పాస్టర్‌గారు, ఆయన నమ్మే ఇంకొకరు కలిసి ఆ సహోదరుని ఇంటికి వెళ్లండి. మత్తయి 18వ అధ్యాయం క్రమం కూడా అదే, మొదట ఒంటరిగా మాట్లాడాలి. యువకునికి నేర్పే పనిని ఆయన చేతిలో పెట్టి, ఒప్పుకుంటారా అని అడగండి. కెనన్యాకు అప్పగించినది నేర్పే పనే గనుక అది తగ్గింపు కాదని ఆయనకు వివరించండి. ఆయన ఒప్పుకున్నాక వంతుల పట్టికను సంఘంలో చదవండి. అందులో కీబోర్డు వాయించేవారి పేర్లతో పాటు మైకులు అమర్చేవారివి, కుర్చీలు వేసేవారివి, హాలు ఊడ్చేవారివి కూడా అదే వరుసలో ఉండనివ్వండి. ఆయన ఒప్పుకోకపోతే కొంతకాలం ఆగండి, కాని ఆదివారాలు మాత్రం పట్టిక ప్రకారమే జరగాలి.